రెండో ప్రశ్న

జూన్ 3, మంగళవారం

పొద్దున క్లాసుకు పోతుంటే మెయిల్ వచ్చింది. మనుషులు లేకుండా అంతరిక్షంలోకి పోయే పరిశోధన నౌకల్లో ఈ విడత దేన్ని కట్టాలో తేల్చే కమిటీలో నన్ను వేసినారు. ఐదుగురం. మీటింగు ఈ నెలాఖరున, తిరుపతిలోనే. తిరుపతి అంటే చాలు, ఏ కమిటీకైనా సభ్యులందరూ హాజరవుతారు, భార్యాపిల్లలతో సహా.

కింద ప్రపోజల్స్ పంపినవాళ్ల పేర్లు ఉన్నాయి. మూడు. రెండో పేరు డాక్టర్ బాలచంద్ర, బెంగళూరు.

నాకేం కోపం లేదు. రెండేళ్లయిపోయింది. అప్పుడు ఆయన కమిటీలో కూచున్నాడు, నేను ఎదురుగా నిలబడినాను. శుక్రుడి మబ్బుల్లోకి పారాచూట్‌తో దిగే చిన్న యంత్రం మాది. ఎనిమిదేళ్ల పని. ఆయన ఒకే ప్రశ్న వేసినాడు. "ఆ యాసిడ్ మబ్బుల్లో పారాచూట్ గుడ్డ ఎంతసేపు తట్టుకుంటుందో పరీక్ష చేసినారా?" నేను చాలాసేపు మాట్లాడినాను. "చేయలేదు" అనే ఒక్క మాట తప్ప అన్నీ చెప్పినాను. వారానికి జవాబు వచ్చింది, ప్రస్తుతానికి వీలుపడదని.

సైన్సులో ఇవన్నీ మామూలే. ప్రశ్న అడగడం ఆయన పని. అడిగినాడు.

మా సుకుమార్ లాంటి ఇంజనీరు మద్రాసులో ఏదో కంపెనీలో చేరిపోయినాడు. నా విద్యార్థిని లోహిత పీహెచ్‌డీ టాపిక్కు మార్చుకుంది. ల్యాబులో మా యంత్రం నమూనా మీద ఇప్పుడు ఆన్సర్ పేపర్ల కట్టలు పెడుతున్నారు.

కోపం లేదు.

జూన్ 4

ఒప్పుకుంటున్నట్టు జవాబు పంపినాను. ఆలోచించడానికి ఏముంది.

జూన్ 8, ఆదివారం

బయట ఎవరికీ చెప్పకూడదని రూలు. గుణశేఖర్ బయటివాడు కాదు కదా, మొగుడు. తను నడిపే లాడ్జి నుంచి మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు చెప్పినాను.

"ఆ బాలచంద్రేనా? నిన్ను ఏడిపించినాయన?"

"నేను ఏడవలేదు."

"సరే, ఏడవలేదు. సరిగ్గా అన్నం తినకుండా గోడకల్లా చూస్తా కూచున్నావు, అంతే. పంకజా, నువ్వు తప్పుకో. వేరేవాళ్లు చూసుకుంటారు."

"అంటే నేను న్యాయంగా చూడలేననా?"

"చూస్తావు. చూసినా ఆయన నమ్మడు. మా లాడ్జిలో రూములు నిజంగానే లేవని చెప్పినా ఎవురన్నా నమ్ముతారా? తాళాలు దాచిపెట్టినామనే అంటారు."

ముప్పై ఏళ్లుగా ఈ మనిషికి ప్రపంచంలో ప్రతిదీ లాడ్జి లెక్కలోనే అర్థమవుతుంది.

సాయంత్రం కమిటీ ఛైర్మన్ విజయ్ కుమార్ గారికి ఫోన్ చేసినాను. ఢిల్లీలో పెద్ద పదవి చేసి రిటైరైన మనిషి. "సార్, బాలచంద్ర గారు గతంలో నా ప్రాజెక్టును కాదన్నారు. ఈ కమిటీలో నేను ఉండొచ్చా?" అని అడిగినాను. ఆయన నవ్వినాడు. "అలా చూస్తే ఈ దేశంలో కమిటీలో కూర్చోడానికి ఎవరూ మిగలరమ్మా. అందరూ ఒకరినొకరు ఎప్పుడో ఒకప్పుడు కాదన్నవాళ్లే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు లోకల్ కదా, మా ఇంట్లో వాళ్లు ఏడుగురు వస్తున్నారు, దర్శనం సంగతి కాస్త చూడండి" అన్నాడు.

అడగాల్సింది అడిగినాను. ఇంక నా మీద ఎవరూ వేలెత్తి చూపలేరు.

జూన్ 13, శుక్రవారం

మూడూ చదివినాను.

మొదటిది సూర్యుణ్ణి చూసే ఉపగ్రహం. ఇప్పటికే చేసిన పనిని ఇంకోసారి చేస్తామంటున్నారు. పోతుంది.

మూడోది హైదరాబాదు వాళ్లది. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగి, అక్కడి రాత్రి చలికి చచ్చిపోకుండా మళ్లీ తెల్లవారాక లేచే ల్యాండర్. బొమ్మలు బాగున్నాయి. సినిమా పోస్టర్ మాదిరి ఉన్నాయి. సైన్సు మాత్రం పలచన. దిగడం గురించి చాలా పేజీలు, దిగినాక ఏం చేస్తారో మూడు పేజీలు.

బాలచంద్రది రేపు మళ్లీ చదవాల. తొందరపడి ఏమీ అనకూడదు.

జూన్ 14, శనివారం

బాగుంది.

చాలా బాగుంది. భూమికి దగ్గరగా తిరిగే ఒక గ్రహశకలం దగ్గరికి చిన్న నౌకను పంపుతాడు. దాని చుట్టూ ఏడాది తిరిగి, మెల్లిగా ఆనుకుని, పైనున్న మట్టిని అక్కడే పరీక్ష చేస్తుంది. ఆ రాయి మీద నీళ్ల ఆనవాళ్లున్న మట్టి ఉంటుందని ఆయన లెక్క. మన సముద్రాలకు నీళ్లు ఎక్కడినుంచి వచ్చినాయనే ప్రశ్నకు అది ఒక దారి. ప్రతి పరికరం ఎందుకు పెట్టినాడో, ఎందుకు ఇంకోటి పెట్టలేదో, ఒక్క మాట ఎక్కువ లేకుండా రాసినాడు. నా విద్యార్థి ఎవరైనా ఇట్ల రాసుంటే ఊరంతా చూపించుకుని ఉందును.

చదివి పక్కన పడేసినాను. లేచి గిన్నెలు కడిగినాను. కడిగినవే మళ్లీ కడిగినాను.

జూన్ 15, ఆదివారం

దొరికింది!

ఇంజిన్. నౌకను మెల్లిగా నెట్టుకుంటా పోయే అయాన్ ఇంజిన్ వాడుతున్నాడు. అది రెండేళ్లకు పైగా నడవాల. నేల మీద వాళ్లు పరీక్షించింది నాలుగు నెలలు. ఆ సంగతి దాచలేదు, రాసినాడు, కానీ వెనక ఎక్కడో అనుబంధంలో చిన్న అక్షరాల్లో. మధ్యదారిలో ఇంజిన్ ఆగిపోతే నౌక సూర్యుడి చుట్టూ ఊరికే తిరుగుతా ఉండాల్సిందే.

ఇది అడగాల్సిందే. వ్యక్తిగతం కాదు. ప్రజల సొమ్ము.

చాన్నాళ్ల తర్వాత అలసంద వడలు చేసినాను. గుణశేఖర్ రెండు తిని నా మొహంలోకి చూసి, "ఏంది విశేషం?" అన్నాడు. ఏమీ లేదన్నాను.

జూన్ 16

ఏమీ లేదు. నిజంగానే.

జూన్ 22, ఆదివారం

నగరి పోయి వచ్చినాను. సుకుమార్ ఆదివారాలు మద్రాసు నుంచి ఇంటికి వస్తాడు. మా పారాచూట్ పెట్టెను విప్పి బిగించింది వాడే. బస్సు దిగి వాళ్ల వీధిలోకి పోతే మగ్గాల చప్పుడులో ఎవరి మాటా వినపడదు. అరుచుకుంటా మాట్లాడినాం. వాడి భార్య గ్రేసీ అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, కాఫీ ఇచ్చి తలుపులేసింది.

ఏ నౌకో చెప్పకుండా అడిగినాను. "నాలుగు నెలలు నడిచిన ఇంజిన్ రెండేళ్లు నడుస్తాదని ఎట్ల నమ్మేది?"

వాడు గ్లాసు కింద పెట్టినాడు. "ఎవురిదో నాకు చెప్పొద్దు మేడం. నమ్మేదానికి లేదు. నమ్మకుండా పొయ్యేదానికీ లేదు. రెండు ఇంజిన్లు తెచ్చి పెద్ద వాక్యూమ్ గదిలో పెట్టి నడపాల. అరుగుదల ఎంతుండాదో ఏడాదిన్నరలో తెలిసిపోతాది. దానికి నౌకను పంపే మిషన్ అంత ఖర్చేం కాదు."

"నౌక పోవాల్సిన సమయం దాటిపోతే?"

"ఆ రాయి యాడికి పోతాది? మళ్లా తిరిగొస్తాది కదా. అప్పుడు పంపేది."

మళ్లీ వస్తుంది. ఆరేళ్లకు. నాకు తెలుసు, అది కూడా అనుబంధంలో ఉంది.

బస్‌స్టాండు దాకా వచ్చినాడు. అక్కడ అన్నాడు, "మన గుడ్డ గూడా అంతే కదా మేడం. ఆ పొద్దు ఎవురన్నా ఒకరు, ముందు గుడ్డను పరీక్ష చేసుకోండి, తర్వాత రండి, అని ఉంటే చాలు. నేను ఈ పొద్దు ఆ కంపెనీలో ఏసీ వాల్వులు చూసుకుంటా ఉండను."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పుత్తూరు దాటేదాకా ఏం ఆలోచించినానో గుర్తు లేదు.

ఇంటికొచ్చి రెండు ప్రశ్నలు రాసుకున్నాను. ఒకటి: ఇంజిన్ మధ్యలో ఆగిపోతే? రెండు: ముందు ఇంజిన్ పరీక్షకు వీలు కల్పిస్తే ఎన్నాళ్లలో తేల్చగలరు? మొదటిది ఒక్కటే అడిగితే అది గొడ్డలి. రెండూ కలిపి అడిగితే సాయం.

జూన్ 24

విజయ్ కుమార్ గారికి ఫోన్ చేసినాను. ఒక మిషన్‌కు 'ముందు పరీక్ష, తర్వాత నిర్ణయం' అని రాయొచ్చా? రాయకూడదంట. ఒక్కదానికి అవును, మిగతావాటికి కాదు. అంతేనంట.

"సార్, బాగున్న పనిని ఒక్క పరీక్ష లేదని చెత్తబుట్టలో వేస్తామా?"

"అమ్మా, ఇది కాలేజీ పరీక్ష కాదు, సప్లిమెంటరీలు పెట్టడానికి. మాకు టికెట్లు అయ్యాయా?"

అయినాయి. అన్నిటికంటే ముందు అవే అయినాయి.

జూన్ 26, గురువారం

మీటింగు మొదటి రోజు. పొద్దున సగం మంది కొండ మీదనుంచి రావడానికే ఆలస్యమైంది. పూణే సభ్యుడు గుండుతో వచ్చినాడు. కోల్‌కతా ఆవిడ ఒక్కతే అన్నీ చదివినట్టు కనిపించింది. ఆర్థిక శాఖ ఆయన ఫోన్ చూసుకుంటా ఉన్నాడు.

హైదరాబాదు వాళ్లు వీడియో వేసినారు. చంద్రుడి మీద తెల్లవారడం, ల్యాండర్ కళ్లు తెరవడం, వెనక సంగీతం. ఆర్థిక శాఖ ఆయన మొదటిసారి ఫోన్ కింద పెట్టినాడు.

మధ్యాహ్నం బాలచంద్ర. మనిషి చిక్కినాడు. వచ్చే ఏడు రిటైరవుతాడంట. నన్ను చూసి నమస్కారం పెట్టినాడు, ఒక్క క్షణం ఆగి. ఆ ఆగడం అందరూ గమనించినారని నాకు అనిపించింది. చెప్పడం మాత్రం గొప్పగా చెప్పినాడు. కోల్‌కతా ఆవిడ తల ఊపుతానే ఉంది.

నా వంతు వచ్చింది.

"ఇంజిన్ నాలుగు నెలలే నడిచింది. రెండేళ్లు నడుస్తుందని మీకు ఎట్ల తెలుసు?"

ఆయన స్క్రీను వైపు చూడలేదు. పక్కనున్న కుర్రాడు ఏదో కాగితం అందించబోతే చేత్తో వద్దన్నాడు. నా వైపే చూసినాడు.

"తెలియదు" అన్నాడు.

 ఆర్థిక శాఖ ఆయన, "తెలియదంటే? నౌకను పంపి చూసి తెలుసుకుంటారా?" అన్నాడు. పూణే ఆయన నవ్వినాడు. నేను రెండో ప్రశ్న అడగడానికి మైకు నొక్కినాను. ఛైర్మన్ టైమైపోయిందన్నాడు. జవాబు వచ్చేసింది కదా, టీ తాగుదాం అన్నాడు.

నేను ఏం చేయగలను? మైకు నొక్కినాను కదా.

జూన్ 27, శుక్రవారం

ఓట్లు. ల్యాండర్‌కు మూడు, గ్రహశకలానికి రెండు. ఆ రెండూ కోల్‌కతా ఆవిడది, నాది.

ఓటుకు ముందు మాట్లాడినాను. ఇంజిన్ పరీక్షకు వేరే పద్దు కింద వీలు కల్పించమని, పని చచ్చిపోకుండా చూడమని అడిగినాను. ఆర్థిక శాఖ ఆయన నా వైపు వింతగా చూసినాడు. "నిన్న మీరే కదా మేడం ఆ ఇంజిన్ మీద అనుమానం పెట్టింది? ఇప్పుడు మీరే పరీక్ష అంటున్నారు?"

అనుమానం ఉంటేనే కదా పరీక్ష! అరిచినాననుకుంటా. ఛైర్మన్ నీళ్లు తాగమన్నాడు.

కిందికి దిగేసరికి గెస్ట్ హౌస్ వరండాలో బాలచంద్ర బెంగళూరు కారు కోసం నిలబడి ఉన్నాడు. తప్పించుకుని పోవడానికి ఇంకో దారి లేదు.

"నమస్తే సార్."

"నమస్తేమ్మా. బాగా అడిగినావు." ఆయనది చిత్తూరు మాటే, బెంగళూరులో ఇన్నేండ్లున్నా పోలేదు. "నేను నిన్ను అడిగిన ప్రశ్నే నన్ను అడిగినావు. గుడ్డకు బదులు ఇంజిన్, అంతే తేడా."

"అట్ల కాదు సార్. నేను ఇంకోటి కూడా అడగాలనుకున్నాను."

"అడగలేదు కదా."

"టైము..."

"నా మాదిరి నువ్వు గూడా నీ పని చేసినావు. అంతేలే. మా పిల్లోళ్లు పదిమంది ఉండారు ఆ పని మీద. వాళ్లకేం చెప్పాలో తెలీడం లేదు. అదే దిగులు." కారు వచ్చింది. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "ఆ పొద్దు నేను గూడా రెండోది అడిగుండాల. అప్పుడు నాకు తోచలేదు. నీకు తోచింది కదా" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

నా ఓటు ఎవరికో చెప్పకూడదు. బయటపెట్టబోమని ముందే సంతకం పెట్టినాం. గుణశేఖర్ చెప్పిన తాళాల మాట నిజమే అయింది, ఆయనతో మాత్రం ఒప్పుకోను.

జూన్ 28

రాయడానికేం లేదు.

జూన్ 30, సోమవారం

మైకు నొక్కలేదు.

ఆయన "తెలియదు" అన్నప్పుడు నా చెయ్యి బల్ల మీదనే ఉండిపోయింది. ఆయన మొహం చూస్తా కూచున్నాను. నాకు ఆ మాట నోట్లోంచి రాలేదు రెండేళ్ల కింద. ఈయన ఇట్టే అనేసినాడు. అది చూస్తుంటే ఒళ్లు మండింది. ఛైర్మన్ టీ అనేదాకా చాలా సమయం ఉంది. ఎంతో ఉంది. కోల్‌కతా ఆవిడ నా వైపు తిరిగి చూసింది కూడా, ఇంకేమన్నా అడుగుతానేమో అని.

జూలై 4, శుక్రవారం

మీటింగులో జరిగింది రాసిన మినిట్స్ వచ్చినాయి సంతకానికి. నేను అడిగిన ఇంజిన్ పరీక్ష మాట ఎక్కడా లేదు. 'సభ్యురాలు పంకజాక్షి ఇంజిన్‌పై తీవ్ర అనుమానం వ్యక్తం చేశారు' అని మాత్రం ఉంది. తీవ్ర! ఆ ముక్క ఎవరు పెట్టినారు?

సంతకం పెట్టను.

జూలై 5

ఛైర్మన్ ఫోన్. "చిన్న విషయం అమ్మా, సంతకం పెట్టేయండి. హైదరాబాదు వాళ్లకు ఆర్డర్ ఆగిపోయింది."

"పరీక్ష లైను కలిపితే పెడతాను సార్."

"కమిటీ నిర్ణయంలో అది లేదు."

"నిర్ణయంలో వద్దు సార్. సిఫారసులో పెట్టండి. నేను అడిగినాను, మీరందరూ విన్నారు. విన్నది రాయడానికి ఏం కష్టం?"

ఫోన్ పెట్టేసినాడు.

జూలై 9, బుధవారం

డిపార్ట్‌మెంట్ హెడ్‌కు ఫోన్ చేయించినారు. ఆయన నన్ను పిలిచి కుర్చీ చూపించినాడు. "మన యూనివర్సిటీకి ఒక కమిటీలో చోటు దొరకడమే గొప్ప. ఎందుకు మేడం గొడవ? అంతా మీరు మీ పాత ప్రాజెక్టు కోపంతో ల్యాండర్‌ను ఆపుతున్నారంటున్నారు."

చూడు! బాలచంద్రను ఆపిందీ కోపంతోనే, ల్యాండర్‌ను ఆపేదీ కోపంతోనే. నాకు కోపం తప్ప వేరే పని లేదు కాబోలు.

"ఔను సార్, కోపమే" అన్నాను. ఆయన బిత్తరపోయినాడు.

బయటికొస్తే లోహిత ఎదురైంది. నా మొహం చూసింది. క్యాంటీను నుంచి నాకిష్టమైన మిరపకాయ బజ్జీలు తెచ్చి ల్యాబులో పెట్టి పోయింది. ఆన్సర్ పేపర్ల కట్టలు తీసి పక్కన పెట్టి, యంత్రం నమూనా ముందర కూచుని తిన్నాను.

జూలై 10

సంతకం పెట్టలేదు.

జూలై 14

సంతకం పెట్టలేదు. గుణశేఖర్, "ఇంక చాల్లే పంకజా, ఉద్యోగం మీదికి వస్తాది" అన్నాడు. మళ్లీ తనే, "వస్తే రానీ. లాడ్జి ఉండాది కదా" అన్నాడు. ఆ మనిషి మీద అరిచి అరిచి అలిసిపోయి ఉన్నాను, ఆ మాటకు లేచి పోయి కాఫీ పెట్టినాను.

జూలై 15, మంగళవారం

కోల్‌కతా ఆవిడతో మాట్లాడినాను. ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదో. "మీరు ఒక్కరే ఆపితే మొండితనం అంటారు, ఇద్దరం ఆపితే అభిప్రాయం అంటారు" అన్నది. తనూ సంతకం ఆపింది.

జూలై 18, శుక్రవారం

సాయంత్రం విజయ్ కుమార్ గారి ఫోన్. గొంతులో చిరాకు. "రాసి పంపండి, ఏం కావాలో. ఒక్క లైను. రెండు కాదు."

ఆ ఒక్క లైను కోసం మధ్యాహ్నం నుంచే కూచున్నట్టు రాసేసినాను. 'ఎంపికతో సంబంధం లేకుండా, గ్రహశకల మిషన్ ఇంజిన్ దీర్ఘకాల పరీక్షకు తక్షణం వీలు కల్పించాలని, ఫలితం సరిపోతే వచ్చే విడతలో ఆ మిషన్‌ను మొదటగా పరిశీలించాలని కమిటీ సిఫారసు చేస్తోంది.'

'తీవ్ర' తీసేయమన్నాను. తీసేసినారు. సిఫారసు ఎవరిదో పేరు పెట్టరంట. కమిటీ అనే ఉంటుందంట. సరే అన్నాను.

సంతకం పెట్టినాను. పెన్ను సరిగ్గా రాయలేదు, రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది.

ఆగస్టు 19, మంగళవారం

బాలచంద్ర ఫోన్ చేసినాడు. ఆయన పేరు స్క్రీను మీద చూసి కాసేపు ఎత్తలేదు.

"అమ్మా, ఒక మంచి మాట చెప్దామని. ఇంజిన్ పరీక్షకు సాంక్షన్ వచ్చింది. నేను రిటైరైనా మా పిల్లోళ్లు చూసుకుంటారు. వాళ్లు ఎవురూ పోకుండా ఆగినారు."

"చాలా సంతోషం సార్."

"కమిటీలో ఎవురో పట్టుబట్టి ఆ లైను రాయించినారంట. ఢిల్లీలో చెప్పినారు. పూణే ఆయన అయ్యుంటాడని మా అనుమానం. ఆయనకు ఫోన్ చేసి థాంక్స్ చెప్పినా. కాదని గూడా అనలేదు, నవ్వి ఊరుకున్నాడు. ఎంత మంచి మనిషో చూడు."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నీకెందుకు చెప్తా ఉన్నానంటే, ప్రశ్న అడిగింది నువ్వే కదా. జవాబు వచ్చేదాకా నీకు గూడా మనసులో ఉంటాది కదా అని."

"ఉంటుంది సార్."

"మీ శుక్రుడి పని గూడా మళ్లా పెట్టమ్మా. ఈసారి గుడ్డ పరీక్ష చేసుకుని."

"సరే సార్" అన్నాను.

ఫోన్ పెట్టేసి ఇల్లంతా తిరిగినాను. పూణే ఆయనంట! ఆ రెండు రోజులూ ఇంజిన్ అనే మాట ఆయన నోటినుంచి ఒక్కసారి కూడా రాలేదు. నవ్వి ఊరుకున్నాడంట! చెప్పొచ్చు కదా కాదని! నేను చెప్పకూడదు. రూలు. గుణశేఖర్‌కు చెప్పినాను. పడీపడీ నవ్వినాడు.

ఇక్కడ రాసుకుంటాను. ఆ లైను రాసింది నేను. ప్రతి అక్షరం నాది. కోపంగా ఉండి రాసినాను, అయినా రాసింది నేనే.

పరీక్ష డిసెంబరులో మొదలవుతుందంట. ఏడాదిన్నర నడవాల. లోహితను పిలిచి పారాచూట్ గుడ్డ ముక్కలు ఎక్కడ పెట్టినామో వెతకమన్నాను. వెతుకుతానంది.

ఆ ఇంజిన్ నడవాల. ఆగకుండా నడవాల. బాలచంద్ర కోసమని కాదు.